డ్రిల్లు మాస్టారి మగపిల్లి

మొన్న నందిగామ బస్టాండు ఎదురుగా హోటల్లో పెసరట్టు తింటున్నాను. బయట ఎవరో ఈల ఊదారు. ట్రాఫిక్ కానిస్టేబులో, బస్సును వెనక్కి తీయిస్తున్న కండక్టరో తెలీదు. తెలిసిందల్లా ఒకటే. ఆ ఈల చెవిన పడేసరికి నేను లేచి నిలబడి ఉన్నాను. మడమలు రెండూ అతుక్కుని ఉన్నాయి. ఛాతీ ముందుకొచ్చింది. అంటే పొట్ట ముందుకొచ్చింది, ఛాతీ దాని వెనకాల ఎక్కడో ఉంది. చేతిలో ఉన్న అల్లప్పచ్చడి గిన్నె మాత్రం అటెన్షన్‌లో నిలబడలేక ఎదురుగా కూచున్నాయన తెల్లచొక్కా మీద పడుకుంది.

"ఏంటండీ, జనగణమన గానీ వస్తోందా?" అన్నాడాయన, చొక్కా చూసుకుంటూ.

"కాదండీ. మా డ్రిల్లు మాస్టారనుకున్నా."

"ఎక్కడున్నారు?"

"లేరండీ. పోయిన వానాకాలంలో పోయారు."

ఆయన ప్లేటు తీసుకుని నాలుగు టేబుళ్ళ అవతలికి వెళ్ళి కూచున్నాడు. నేను ఆయన్ని తప్పుపట్టను. మా మాస్టారి ఈల కింద పెరగనివాళ్ళకి ఇది అర్థం కాదు.

జగ్గయ్యపేటలో మాస్టారి ఇల్లూ, నా ఎలక్ట్రికల్ షాపూ ఎదురెదురు. హైస్కూల్లో మా బ్యాచికి ఎడమకాలు ఏదో కుడికాలు ఏదో తెలియజెప్పిన మహానుభావుడాయన. రిటైరైనప్పుడు గ్రౌండునీ, బెత్తాన్నీ, పిల్లల్నీ అన్నిటినీ స్కూల్లోనే వదిలేసి వచ్చారు గానీ ఈలని మాత్రం వదల్లేదు. మెడలో నల్లతాడు, దానికి ఇత్తడి ఈల. ఆదివారం చర్చికి వేసుకునే ఇస్త్రీ చొక్కా లోపల కూడా అది ఉబ్బెత్తుగా కనపడుతూనే ఉండేది. ఒకసారి సిమెంటు ఫ్యాక్టరీ సైరన్ పాడైతే, మాస్టారు పాలవాడి కోసం ఊదిన ఈల విని షిఫ్టు మొత్తం దిగిపోయిందని మా ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ కబురు పుట్టించింది నేనే. కానీ ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

ఆయన మీసం గురించి చెప్పాలంటే విడిగా కూచోవాలి. మనిషి వీధి మలుపు తిరగడానికి కాస్త ముందే మీసం తిరిగేది. పాలవాడు గుమ్మం ముందు ఆగితే "హాల్ట్!" అనేవారు. వెళ్తుంటే "ఎబౌట్ టర్న్!" కాఫీ కావాలంటే ఇంట్లోకి తిరిగి "కాఫీ! క్విక్ మార్చ్!" అన్నిటికంటే చికాకైన అలవాటు ఇంకోటుంది. తన దగ్గర జవాబు లేని ప్రశ్న ఎదుటివాడు వేస్తే ఈల నోట్లో పెట్టుకుని ఒక్క ఊదు ఊదేవారు. అంతటితో చర్చ ముగిసినట్టు. కరెంటు బిల్లు మీద నేను వాదించబోయినా, ప్రసంగం ఎందుకంత పొడుగైందని ఆయనే పాస్టరుగారితో గొడవపడి ఓడిపోబోయినా, ఈలే ఆఖరి మాట.

కొత్తవాళ్ళెవరైనా "పిల్లలెంతమందండీ?" అని అడిగితే మాత్రం ఈల ఊదేవారు కాదు. దానికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"మా ఆవిడకి పిల్లల్లేరండీ."

వినడానికి ఎలా ఉండేదంటే, ఆయన పిల్లలు వేరే ఎక్కడో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నట్టు, ఆవిడ పిల్లలు మాత్రమే లేనట్టు ఉండేది.

ఆవిణ్ణి మేమంతా అమ్మగారనేవాళ్ళం. వరండాలో కుట్టుమిషను ముందు కూచుని వీధి మొత్తానికీ జాకెట్లు కుట్టేవారు. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి మాస్టారు ఆవిణ్ణి తిప్పని ఆసుపత్రి లేదు. బెజవాడ, గుంటూరు, హైదరాబాదు. మాత్రలు, సూదులు, కషాయాలు, ఉపవాస ప్రార్థనలు. ఏ డాక్టరూ ఆవిడలో ఇదీ లోపం అని చెప్పలేదు. ఆ చెప్పని లోపాన్ని మా వీధి ఎప్పుడో కనిపెట్టేసింది. ఎవరింట్లో సీమంతమైనా కడుపుతో ఉన్న పిల్ల జాకెట్టు అమ్మగారే కుట్టాలి, చెయ్యి మంచిది, కుట్టు ఊడదు. ఆ పిల్లకి గాజులు తొడిగే వేళకి మాత్రం అమ్మగారికి పిలుపుండేది కాదు. ఆవిడ మిషను తొక్కుతూ ఆ ఇంటి పాటలు వినేవారు. మాస్టారు లోపల పేపరు చదువుకుంటూ ఉండేవారు.

ఆయనకి పరీక్ష చేయించుకోమని ఏ డాక్టరూ చెప్పలేదా అంటే, చెప్పే ఉంటారు. చెప్పినప్పుడు ఆయన ఈల ఊది ఉంటారు.

ఇలాంటి ఇంట్లోకి, ఆయన రిటైరైన ఏడాది, బదిలీ మీద వెళ్ళిపోతున్న ఇంకో మాస్టారు ఒక తెల్ల పర్షియన్ పిల్లిని వదిలి వెళ్ళాడు. మగది. దాని బొచ్చు ఎంత పొడుగంటే, అది నడిచిన గదిని మళ్ళీ ఊడవక్కర్లేదు. ముఖం చూస్తే చిన్నప్పుడు పరిగెత్తుకుంటూ వెళ్ళి గోడకి గుద్దుకుని, ఆ గుద్దుకున్న కోపాన్ని అలాగే దాచుకున్నట్టుండేది. మాస్టారు దానికి పేరు పెట్టలేదు. "అబ్బాయి" అనేవారు. "మా అబ్బాయి పాలు తాగాడా?" "మా అబ్బాయికి ఎండ పడదు." ఈల ఊదితే వీధిలో అందరం బయటికొచ్చేవాళ్ళం, అది తప్ప.

ఒకసారి వాళ్ళింట్లో ప్రార్థన కూడిక జరిగింది. అప్పుడే మా ఊరొచ్చిన కుర్ర పాస్టరుగారు "ప్రార్థన మనవులుంటే చెప్పండి" అన్నారు. మాస్టారు లేచి అటెన్షన్‌లో నిలబడి, "మా అబ్బాయికి మంచి సంబంధం కుదిరి సంతానం కలగాలని ప్రార్థించండి" అన్నారు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని, చేతులెత్తి, చెమటలు పట్టేదాకా ప్రార్థించారు. ఆమెన్ చెప్పాక అభిమానంగా అడిగారు.

"అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?"

"తిని పడుకుంటాడండీ."

"పర్వాలేదండీ. దేవుడు ఉద్యోగం కూడా ఇస్తాడు" అని ఆయన ధైర్యం చెబుతుండగా అబ్బాయి వచ్చి ఆయన ఒళ్ళో ఎక్కి కూచుంది. మర్నాటి నుంచి ఆ పాస్టరుగారు ఎవరి మనవి విన్నా, ముందు "మనిషేనా?" అని అడుగుతున్నారని విన్నాను.

సంబంధం నిజంగానే కుదిరింది. నందిగామలో బస్సులకీ కార్లకీ సీటు కవర్లు కుట్టే బాషాగారి దగ్గర రాణి అనే ఆడ పర్షియన్ ఉందని తెలిసింది. బాషాగారు మర్యాదస్తుడు. ఫోన్లో "సార్, మీరు శ్రమపడొద్దండీ. మా రాణి ఎదకొచ్చినప్పుడు బండి మీద నేనే తెచ్చి మీ ఇంట్లో వదులుతా" అన్నాడు.

మాస్టారికి రోషం వచ్చింది. ఫోను స్పీకర్లో పెట్టి, నన్ను సాక్షిగా నిలబెట్టి మరీ చెప్పారు. "అదెలా కుదురుతుందండీ? మేం మగపెళ్ళివారం. కార్యం ఆడపిల్ల ఇంట్లో జరగాలి. పిల్లని మీరే మోసుకొచ్చి మా గుమ్మంలో దించితే లోకం ఏమనుకుంటుంది?"

"పిల్లులండీ సార్."

"పిల్లులైతే? పద్ధతి పద్ధతే!"

మా వైపు అంతే మరి. పెళ్ళి ఎక్కడ జరిగినా మొదటి మూడు రాత్రుళ్ళూ పిల్ల పుట్టింట్లోనే. మగపెళ్ళివారు కదిలి వెళ్ళాలి, మర్యాదలు అందుకోవాలి, అందుకున్న ప్రతిదానికీ వంక పెట్టాలి. ఇదంతా పిల్లులకి ఎవరూ చెప్పలేదు. అదే కొంప ముంచింది.

ఆ విధంగా ఒక ఉదయం ఈల మోగింది. షట్టరు దించి అటెన్షన్‌లో నిలబడ్డాను. మాస్టారు పట్టుపంచెలో ఉన్నారు. నా చేతిలో మూతున్న వెదురుబుట్ట పెట్టారు. అందులో అబ్బాయి. బుట్ట ఎంత బరువుందంటే, నందిగామ చేరేసరికి నా కుడిచెయ్యి ఎడమచేతి కంటే జానెడు పొడుగైంది. ఇప్పటికీ పొట్టిచేతుల చొక్కా వేసుకోను.

"బుట్టలో ఏంటండీ?" అన్నాడు బస్సులో కండక్టరు.

"పెళ్ళికొడుకు" అన్నారు మాస్టారు.

కండక్టరు కాసేపు ఆలోచించి, మాకిద్దరికీ టిక్కెట్లు కొట్టి, మళ్ళీ మా వైపు రాలేదు.

బాషాగారింట్లో మర్యాదలకి లోటు లేదు. సేమ్యా పాయసం, బిస్కట్లు, టీ. రాణి అప్పటికే నేల మీద దొర్లుతూ, పసిపిల్ల ఏడ్చినట్టు రాగాలు తీస్తోంది. బుట్ట మూత తీశాం. అబ్బాయి తల బయటికి పెట్టింది. రాణిని చూసింది. గోడల్ని చూసింది. మమ్మల్ని చూసింది. తర్వాత బొచ్చంతా అణిచిపెట్టి, అంత శరీరాన్నీ అప్పడంలా పల్చగా చేసి, దివాను కిందికి దూరిపోయింది.

మాస్టారు పట్టుపంచెతో నేల మీద బోర్లా పడుకున్నారు. "ఒరేయ్ అబ్బాయ్! ఫార్వర్డ్ మార్చ్!" ఈల. అబ్బాయి ఇంకా మూలకి జరిగింది. మళ్ళీ ఈల. కింద షాపులో సీటు కవర్లు కుట్టేవాళ్ళు మెట్లెక్కి వచ్చారు. పక్కింటివాళ్ళు కిటికీల్లో చేరారు. నందిగామలో నా పరువు ఎంతో కొంత ఉండేది, కొన్ని హోల్‌సేల్ షాపుల్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు. అదంతా ఆ దివాను కిందికే వెళ్ళిపోయింది.

 బాషాగారు మర్యాద కోసం, నేల మీదున్న పట్టుపంచెని అడిగాడు. "సార్‌కి పిల్లలెంతమందండీ?"

దివాను కింద నుంచి జవాబొచ్చింది. "మా ఆవిడకి పిల్లల్లేరండీ."

సాయంత్రం బస్సులో బుట్ట నా ఒళ్ళో ఉంది. మాస్టారు తీర్పు చెప్పారు.

"లోపం ఉందిరా."

"ఎవరిలోనండీ?"

"ఎవరిలో ఏంటి? ఆ పిల్లలోనే. మా అబ్బాయికేం తక్కువ?"

మళ్ళీ రాణి ఎదకొచ్చింది, మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ దివాను. మూడోసారి చెవిటికల్లులో ఒక మిర్చి రైతు ఇంట్లో ఉన్న ఆడపిల్లి దగ్గరికి తీసుకెళ్ళాం. అక్కడ దివాను లేదని సంతోషించాను. అబ్బాయి బీరువా ఎక్కింది. దాన్ని దించడానికి నిచ్చెన తెచ్చారు, నిచ్చెన ఎక్కడానికి నన్ను తెచ్చారు. చెయ్యి మీద గీతలు ఇంకా ఉన్నాయి, చూడాలనుకున్నవాళ్ళు షాపుకి రావచ్చు. తిరిగొస్తూ కీసర టోల్‌గేటు దగ్గర మాస్టారి తీర్పు అదే. "ఈ పిల్లలోనూ లోపం ఉందిరా."

ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నాకు వరండాలో మిషను తొక్కుతున్న మనిషి గుర్తొచ్చేవారు. ఒక్కోసారి ఆ ఈల తాడు తెంపి మున్నేట్లో విసిరేద్దామా అనిపించేది. విసిరితే చేపలన్నీ లైన్లో నిలబడతాయేమోనని ఆగాను.

తర్వాత కొన్ని నెలలకి బాషాగారు ఫోన్ చేశాడు. మాస్టారు నా షాపులోనే ఉన్నారు. బాషాగారి గొంతు తప్పు చేసినవాడిలా ఉంది.

"సార్, ఏం అనుకోకండి. మా రాణి పిల్లల్ని పెట్టిందండీ."

మాస్టారు మీసం మీద చెయ్యేశారు. "చూశావా? మా అబ్బాయే..."

"కాదండీ. మా గోడ మీద తిరిగే ఒంటిచెవి గండుపిల్లి ఒకటుందండీ. రంగు చూస్తే దానివేనండీ అన్నీ."

మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని ఫోన్లోకి ఊదారు. అటువైపు బాషాగారు ఏమయ్యాడో చాలాసేపు తెలీలేదు.

లోపం రాణిలో లేదని ఆ రోజు మా వీధికంతా తెలిసింది. ఆ సాయంత్రం కాలిన ఫ్యానొకటి చూడ్డానికి వాళ్ళ వరండాలో ఉన్నాను. అమ్మగారు జాకెట్టు చంక కుడుతూ, తలెత్తకుండా అన్నారు.

"దాన్ని ఒకసారి డాక్టరుకి చూపించండి."

"రాణినా? అది బాషాది కదా."

"మనదాన్ని."

మాస్టారు నవ్వారు. "మగదాన్ని చూపించడమేంటే? విన్నవాళ్ళు నవ్విపోతారు."

మిషను ఆగింది.

"నన్ను చూపించినప్పుడు ఎవరూ నవ్వలేదు."

నేను స్టూలు మీద నిలబడి, అప్పుడే విప్పిన ఫ్యాను రెక్కని మళ్ళీ బిగించేశాను. మాస్టారు ఈల ఊదారు. ఆ వరండాలో ఈల ఊదాక మాట రావడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను.

"ముందు చూపించండి" అన్నారావిడ, మళ్ళీ మిషను తొక్కుతూ.

అది మొదలు. మర్నాడు "కాఫీ! క్విక్ మార్చ్!" అంటే లోపల నుంచి వచ్చిన జవాబు: "ముందు చూపించండి." కళ్ళజోడు ఎక్కడుందంటే "ముందు చూపించండి." వత్సవాయిలో ఇంకో సంబంధం ఉందటే అంటే "ముందు చూపించండి." కోపం లేదు, కేక లేదు, అదే సన్నటి గొంతు. కాఫీ వచ్చేది, కళ్ళజోడు దొరికేది, కానీ ఆ మాట కూడా పళ్ళెంలో పెట్టినట్టు పక్కనే వచ్చేది. ఎన్ని ఈలలు ఊదినా దానికి విరుగుడు దొరకలేదు. మీసం కొసలు కిందికి వాలడం నేను కళ్ళారా చూశాను.

ఒక పొద్దున ఈల లేకుండా మాస్టారు నా షాపులోకొచ్చారు. అదే ఒక వింత. గొంతు తగ్గించి, "ఒరేయ్, నందిగామ పశువుల ఆసుపత్రికి వెళ్దాం" అన్నారు.

"మన ఊళ్ళోనే ఉంది కదండీ."

"ఇక్కడ వద్దు. ఎవరైనా చూస్తారు."

బుట్ట మీద దుప్పటి కప్పారు. తన తల మీద తువ్వాలు కప్పుకున్నారు. బస్టాండు గోడల మీద రహస్య వ్యాధులకి చికిత్స అని కాగితాలంటిస్తారే, ఆ గదుల్లోకి దూరే మగవాళ్ళ నడక నడిచారు బస్సు దాకా. పట్టుపంచెలో వెళ్ళినప్పుడు రెండు సీట్లు ఆక్రమించిన మనిషి ఆ రోజు కిటికీ పక్కన మడుచుకుని కూచున్నారు.

డాక్టరు చిన్నవయసావిడ. అప్పుడే ఒక గేదెతో తంటాలు పడి వచ్చి చేతులు కడుక్కుంటోంది. మాస్టారు ఆవిణ్ణి చూసి వెనక్కి తిరగబోయారు. నేను బుట్ట అడ్డం పెట్టాను.

"ఏంటండీ సమస్య?"

మాస్టారు గోడ వైపు చూస్తూ, "సంతానం..." అన్నారు.

"పిల్లికేనా?" అని నవ్వి, ఆవిడ అబ్బాయిని బల్ల మీదికి తీసుకుంది. నన్ను ముందుకాళ్ళు పట్టుకోమంది. తోక ఎత్తింది. వేళ్ళతో తడిమి చూసింది. "బీజాలు రెండూ కిందికి దిగాయి. సైజు బాగుంది. గట్టిగా లేవు, వాపు లేదు." ఇంకాస్త చూసి, "ఇక్కడ చిన్న ముళ్ళలాంటివుంటాయి గండుపిల్లికి, అవీ ఉన్నాయి. పొడుగు బొచ్చు పిల్లులకి అక్కడ వెంట్రుకలు చుట్టుకుని ఇబ్బంది పెడతాయి ఒక్కోసారి. అదీ లేదు. కాస్త ఒళ్ళు చేశాడు, తిండి తగ్గించండి. దించెయ్యండి."

మాస్టారు తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నారు. "అయిపోయిందా అమ్మా?"

"అయిపోయిందండీ. ఇంతకీ జత ఎక్కడ కలిపారు?"

"మేమే వెళ్ళాం. ఆడపిల్లవారింటికి. పద్ధతి ప్రకారం."

డాక్టరు నవ్వు ఆపుకోవడానికి మళ్ళీ చేతులు కడుక్కుంది. "అయ్యో సార్! గండుపిల్లికి ముందు ఆ చోటు తనదనిపించాలండీ. గోడలకీ గుమ్మాలకీ తన వాసన అంటించుకోవాలి. కొత్తింట్లో దింపితే భయపడి దాక్కుంటుంది, ఇంక ఆడదాని జోలికేం వెళ్తుంది? ఆడపిల్లినే మీ ఇంటికి తెప్పించండి. నాలుగు రోజులు ఉంచండి."

"అప్పటికీ కాకపోతే?"

"అప్పుడు ఇంకో పరీక్ష చేద్దాం. తప్పెవరిదని కాదండీ. రెంటినీ చూస్తేగానీ తెలీదు కదా."

తిరుగు బస్సులో చిల్లకల్లు దాకా వచ్చాం. టోల్‌గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు, కిటికీలోంచి లారీలని చూస్తూ అన్నారు.

"ఇంతేనట్రా?"

"ఏంటి మాస్టారూ?"

"పరీక్ష. ఇంతేనా?"

నా ఒళ్ళో బుట్ట ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే లేచి బస్సులో అందరి ముందూ అరిచేవాణ్ణి. ఇంతేనండీ! కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టని దానికి జడిసి, ఒక మనిషిని బెజవాడ, గుంటూరు, హైదరాబాదు తిప్పారు. ఆవిడ ఎన్ని బల్లల మీద పడుకుని ఎన్నిసార్లు పైకప్పు చూశారో మీకు తెలుసా? ఇదంతా నేను మనసులోనే అరిచాను. పైకి "ఇంతేనండీ" అన్నాను.

ఇంటికొచ్చాం. అమ్మగారు మిషను దగ్గరే ఉన్నారు. మాస్టారు ఆవిడ ముందు నిలబడ్డారు, స్టాండెటీజ్‌లో కాదు, అటెన్షన్‌లో.

"చూపించా. డాక్టరు చూసింది. ఏం లోపం లేదంది."

"ఎవరిలో?" అన్నారావిడ.

మాస్టారి చెయ్యి ఈల దాకా వెళ్ళింది. వెళ్ళి, అక్కడే పట్టుకుని ఉండిపోయింది. ఆవిడ అది చూసి, దారం పంటితో కొరికి, "బాషాగారికి ఫోన్ చేయండి. పిల్లని తీసుకురమ్మనండి" అన్నారు.

రాణి వచ్చింది. బాషాగారు బండి మీద, ఇనప జాలీ పెట్టెలో తెచ్చాడు. ఆడపిల్లవారు మగపిల్లాడి గుమ్మం తొక్కినా ఆకాశం ఊడిపడలేదు. సొంతింట్లో అబ్బాయి వేరే అబ్బాయి. తోక జెండాకర్రలా ఎత్తి, గుమ్మానికి ఒళ్ళు రాసి, మిషను కాలికి రాసి, రాణి చుట్టూ పరేడ్ చేసింది. మాస్టారు నేర్పలేకపోయిన డ్రిల్లంతా చేసింది. అమ్మగారు గది తలుపు దగ్గరగా వేసి, తెర కుట్టి కట్టారు.

రెండు నెలలు దాటాక బాషాగారి ఫోను. ఈసారి గొంతులో పండగ ఉంది. మాస్టారూ నేనూ నందిగామ వెళ్ళాం. అట్టపెట్టెలో రాణి, దాని పొట్ట దగ్గర నాలుగు పిల్లలు. ఒకటి తెల్లగా, గోడకి గుద్దుకున్న ముఖంతో. మాస్టారు దాని ముందు గొంతుక్కూచుని వేలితో నుదురు తాకారు. ఈల ఊదలేదు.

బాషాగారి తల్లి, పెద్దావిడ, మంచం మీద నుంచి అడిగింది. "నీకెంతమంది పిల్లలు నాయనా?"

బాషాగారు కంగారుపడి, మాస్టారి కంటే ముందే అందుకున్నాడు. "అమ్మా, సార్ వాళ్ళ ఆవిడకి పిల్లల్లేరు."

ఆ మాట ఇంకొకరి నోట వినడం మాస్టారికి అదే మొదలనుకుంటాను. చెంప మీద కొట్టినట్టు తలెత్తారు.

"కాదమ్మా" అన్నారు. "మాకు లేరు. ఆవిణ్ణి అన్ని ఆసుపత్రులూ తిప్పా. ఆవిడలో ఏం లోపం లేదన్నారు. నేను చూపించుకోలేదు. జడిసి చూపించుకోలేదు."

పెద్దావిడ "అయ్యో" అంది. అంతే.

తిరుగు బస్సులో నా చికాకు కట్టలు తెంచుకుంది. "మాస్టారూ, ఆ మాట అనాల్సింది బాషాగారి తల్లితో కాదండీ. ఇంటికెళ్ళి అమ్మగారితో అనండి." ఆయన ఈల నోట్లో పెట్టుకుని ఊదారు. డ్రైవరు బ్రేకేశాడు, బస్సు మొత్తం ముందు సీట్లకి గుద్దుకుంది, అందరూ కలిసి నన్ను తిట్టారు.

అప్పటి నుంచి రోజూ షట్టరు ఎత్తగానే వీధికడ్డంగా అడిగేవాణ్ణి. "అన్నారా?" "అంటాన్రా." మర్నాడు: "అన్నారా?" "అననా ఏంటి? చూద్దాం." పిల్లలు కళ్ళు తెరిచాయి, పాలు మానాయి, తెల్లది మాస్టారింటికొచ్చింది. "అన్నారా?" "వానలు పడనీరా." వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం పేపరు చదువుతూ పక్కకి ఒరిగారు. ఇంత మీసం ఉన్న మనిషి అంత నిశ్శబ్దంగా వెళ్ళిపోతారని ఎవరనుకుంటారు?

మొన్న ఆ హోటల్లో చేతికంటిన అల్లప్పచ్చడి కడుక్కుని, నేరుగా జగ్గయ్యపేట బస్సెక్కాను. షాపు తియ్యకుండా అమ్మగారి వరండా ఎక్కాను. మిషను కింద అబ్బాయీ, తెల్లపిల్లా ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. నందిగామలో మాస్టారు అన్నదంతా చెప్పాను. ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపి విన్నారు.

"మీతో అన్నారా అమ్మగారూ ఎప్పుడైనా?"

"లేదు. ఎక్కడన్నారన్నావు?"

"నందిగామలో. బాషాగారింట్లో."

"నందిగామలోనా!" అన్నారావిడ. "నన్ను అన్నదంతా ఈ వీధిలో. గాజులకి పిలవనిది ఈ వీధిలో. ఆయనేమో టిక్కెట్టు కొనుక్కుని నందిగామ వెళ్ళి చెప్పొచ్చారా?"

నా దగ్గర జవాబు లేదు. ఊదడానికి ఈల కూడా లేదు.

అమ్మగారు లేచి లోపలికెళ్ళారు. మేకుకి తగిలించిన నల్లతాడు తీసుకొచ్చారు. ఇత్తడి ఈలని చీర కొంగుతో బాగా తుడిచారు. వరండా మెట్టు మీద నిలబడి ఊదారు. మొదటిసారి ఉత్త గాలే వచ్చింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఊదారు.

అంత సన్నటి మనిషిలో అంత ఊపిరి ఎక్కడ దాగుందో నాకు తెలీదు. వీధి వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. పోయిన మాస్టారు తిరిగొచ్చారనుకుని కొందరు, ఏం జరిగిందో చూద్దామని కొందరు, అమ్మగారు కుట్టిన జాకెట్లేసుకున్న ఆడవాళ్ళందరూ గుమ్మాల్లోకొచ్చారు. నా మడమలు రెండూ అతుక్కున్నాయి.

"చెప్పు నాయనా" అన్నారావిడ. "ఆయన ఏమన్నారో అదే చెప్పు. గట్టిగా. ఆ చివరింటి దాకా వినపడాలి."

చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పాను.